ముప్పై నాలుగు అంగుళాల కాలు

మార్చి 3

అక్కా,

కవరు మీద నా చేతిరాత చూసి గుండె పట్టుకోకు. ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేనూ, నా కుట్టుమిషనూ. మూడేళ్ళ నుంచి ఉత్తరం రాయలేదని నువ్వు తిట్టబోయే తిట్లన్నీ నన్ను నేనే తిట్టేసుకున్నాను కాబట్టి నీ జవాబులో ఆ భాగం వదిలెయ్యొచ్చు.

సంగతేంటంటే, నాకో సైకిలు కావాలి. నువ్వు చేసిందే కావాలి.

నా కొట్టుకి ఎదురుగా రొట్టెల కొట్టుంది. అది నడిపే ఆవిడ నాకంటే తలకాయంత పొడుగు. ప్రతి ఆదివారం కొట్టు మూసేసి, ఇంకో ఏడెనిమిది మందితో కలిసి ఆనకట్ట దాకా సైకిలు మీద వెళ్ళొస్తుంది. మొన్న కోటు గుండీ ఊడిందని వచ్చింది. గుండీ కుడుతూ నేను ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. "మీకు సైకిలు అలవాటుందా?" అంది. "రోజూ తొక్కుతాను" అన్నాను. "మరి ఎప్పుడూ కనబడలేదే?" అంది. "మా అక్క ఫ్రేములు చేస్తుందండీ. అక్క చేత్తో చేసిన సైకిలు తప్ప ఇంకోటి ఎక్కను. కొత్తది తయారవుతోంది" అన్నాను. అదంతా నేనే అన్నానక్కా, పక్కన ఇంకెవరూ లేరు. జూన్ మొదటి ఆదివారం నన్నూ ఆనకట్టకి రమ్మంది. ఒక గుండీకి నాలుగు గుండీల దారం వాడేశాను.

తొక్కడం గురించి నువ్వేం బెంగపడకు. చిన్నప్పటి సంగతి వేరు, తర్వాత నేర్చుకున్నాను.

కొలతలు ఇవిగో. నా ప్యాంటు కత్తిరించే నమూనా కాగితం లోంచి ఎక్కించాను: లోపలి కాలు 28 అంగుళాలు, చెయ్యి 21, భుజం 17, నడుము 42. కవర్లో ఆకుపచ్చ దారం ముక్క పెట్టాను. సరిగ్గా ఆ రంగే వెయ్యమని బావగారికి చెప్పు.

నీ తమ్ముడు


మార్చి 14

ఒరేయ్ బుడంకాయ్,

తిట్లు వదిలెయ్యమన్నావు. వదలను. మూడేళ్ళురా! చేతిలో సూది పట్టుకోవడం వచ్చినవాడికి కలం పట్టుకోవడం రాదా? నీకు నలభై నాలుగేళ్ళు వచ్చాయని నాకు మర్యాద పెరుగుతుందనుకోకు. ఎప్పటికీ బుడంకాయవే.

సైకిలు చేస్తాను. నా దగ్గర ఏడుగురు వరసలో ఉన్నారు, నిన్ను మధ్యలో దూరుస్తున్నాను. ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా మూడో మనిషికి చెప్పకు, ఆయన పళ్ళ డాక్టరు, నాకు ఆయనతో పనుంది.

కానీ నీ కొలతలున్నాయే, అవి పంపడానికి సిగ్గుండాలి. ప్యాంటు కాగితం లోంచి ఎక్కించావా? సైకిలుకి ప్యాంటు తొడుగుతున్నామా? స్టీలు గొట్టమంటే నీళ్ళ పైపనుకున్నావేమో. ఇది మధ్యలో అర మిల్లీమీటరు మందం ఉంటుంది, గోటితో కొడితే గిన్నెలా మోగుతుంది. చివర్లు ఆకురాయితో అరగదీసి, ఒకదాన్ని ఒకటి కౌగిలించుకునేలా కూర్చి, మంట చూపించి ఇత్తడి పోస్తాను. గుడ్డ చాలకపోతే నువ్వు లోపల ఒక ముక్క వేసి ఇస్త్రీ కొట్టేస్తావు. నాకు ఆ సదుపాయం లేదు. ఒకసారి కోశానంటే కోసినట్టే.

కాబట్టి చెప్పింది విను. చెప్పులు విప్పి, గోడకి వీపు ఆనించి నిలబడు. లావుపాటి పుస్తకం ఒకటి కాళ్ళ మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నట్టు పైకి గట్టిగా నొక్కు. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా కొలవాలి. నువ్వు కొలుచుకోకు. నువ్వు వంగితే కాలూ వంగుతుంది. ఇంకెవరి చేతైనా టేపు పట్టించు. ఇంకో మాట, నడుము కొలత ఎవడడిగాడు? సైకిలుకి నడుము దేనికిరా?

మీ బావ దారం ముక్క పట్టుకుని నాలుగు రోజుల నుంచి గుమ్మం దగ్గరకీ లోపలికీ తిరుగుతున్నారు. ఎండలో ఒక రంగు, దీపం కింద ఇంకో రంగు ఉందట. ఆయన ఈ నెలలో మాట్లాడిన మొదటి వాక్యం అది.

అక్క


మార్చి 27

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేయించాను. ఎవరి చేత అనుకున్నావు? ఆవిడ చేత!

నేను అడగలేదు. నీ ఉత్తరం బల్ల మీద పెట్టి, చెప్పులు విప్పి, గుడ్డల నమూనాల పుస్తకం కాళ్ళ మధ్య పెట్టుకుని, గోడకి బల్లిలా అతుక్కుని "టేపు ఎవరు పడతారు దేవుడా" అనుకుంటుంటే ఆవిడ రొట్టె పట్టుకుని వచ్చింది. ఆ అవతారంలో నన్ను చూసి వెనక్కి వెళ్ళిపోవాల్సింది. వెళ్ళలేదు. "కొత్త సైకిలుకా?" అని, చేతికున్న పిండి దులుపుకుని, మోకాళ్ళ మీద కూర్చుని టేపు పట్టింది. అక్కా, పాతికేళ్ళ నుంచి నేను ఊరందరి కొలతలూ తీస్తున్నాను. నా కొలత ఇంకొకళ్ళు తియ్యడం అదే మొదటిసారి. ఎటు చూడాలో తెలియలేదు. పైకప్పు చూశాను. సాలెగూళ్ళు చాలా ఉన్నాయి.

తర్వాత సరదా పుట్టి, "నాకూ తియ్యండి, నాకెంత వస్తుందో చూద్దాం" అని తనూ గోడకి నిలబడింది. ఆవిడది నేను తీశాను. అన్నీ కొలతల పుస్తకంలో రాసుకున్నాను. అందులోంచి నావి ఎక్కిస్తున్నాను:

లోపలి కాలు 34, చెయ్యి 25, భుజం 16, నడుము 32. నడుము అడగలేదని తెలుసు. చెయ్యి ఆగదు.

ఇంక ఆలస్యం చెయ్యకు. ఆవిడ పెట్టిన రొట్టె చాలా బాగుంది. ఇంకా సగం ఉంది, తినాలనిపించడం లేదు, చూస్తున్నాను.

నీ తమ్ముడు


ఏప్రిల్ 8

ఒరేయ్,

మూడు వారాల్లో నీ కాళ్ళు ఆరంగుళాలు పెరిగాయా? చేతులు నాలుగంగుళాలు సాగాయా? నడుము పదంగుళాలు తగ్గిందా? నీ ఒళ్ళు అంతా పై నుంచి కిందికి జారిపోతోందా ఏం?

నాకు నీ వేషాలు తెలియనివా? బడిలో ఎత్తు కొలిచే రోజున బూట్లలో పాత కాగితాలు మడిచి పెట్టుకుని వెళ్ళింది ఎవరు? మధ్యాహ్నానికి వాన పడి కాగితాలు తడిసి, సాయంత్రానికి ఎప్పటి ఎత్తుకొచ్చి ఇంటికి చేరింది ఎవరు? ఆవిడ పొడుగు గనక నువ్వూ పొడుగైపోదామనుకుంటున్నావు. కాగితం మీద పెరిగితే ఏం లాభం నాయనా? ఆ కొలతకి సైకిలు చేస్తే నువ్వు సీటెక్కడానికి ముక్కాలిపీట కావాలి. దిగడానికి జనం కావాలి.

ఈ రెండో కొలత నమ్మక, మొదట పంపిన కొలతకే పై గొట్టం, సీటు గొట్టం కోసేశాను కూడా. ఇత్తడి పోసి కొన్ని అతుకులు కూడా పెట్టాను. అతుకు నున్నగా తేలింది. నా మాట విని నిజం రాయి. పొట్టిగా ఉండటం నేరం కాదు.

మీ బావ నీ రెండో ఉత్తరం చదివి ముసిముసిగా నవ్వారు. ఎందుకని అడిగితే చెప్పరు. ఆయన నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అక్క


ఏప్రిల్ 17

అక్కగారికి,

నువ్వు నా మీద ఎన్ని మాటలన్నా పడతాను. కానీ ఆ కొలత తీసింది నేను కాదు, ఆవిడ. తన చేత్తో టేపు పట్టింది. గ్రాముల లెక్కన పిండి తూచే మనిషి. అది అబద్ధమంటే ఆవిడ అబద్ధాలాడినట్టే. ఆవిడనంటే మాత్రం నేను ఊరుకోను.

ముప్పై నాలుగంటే ముప్పై నాలుగే. ఇరవై ఎనిమిది నేను పాత కాగితం లోంచి రాసింది, మనిషి ఎదగడా? చేస్తే రెండో కొలతకి చెయ్యి, లేకపోతే అసలు చెయ్యకు. పళ్ళ డాక్టరుకి చేసుకో.

నా మాట నమ్మని అలవాటు నీకు ఎప్పట్నుంచో ఉంది. నేను మాత్రం నీ మాట నమ్మేవాణ్ణి. "నేను సీటు పట్టుకున్నాను, నువ్వు తొక్కు, వదలను" అని వెనక నుంచి అరిచి, ఏటవాలు మీద వదిలేసింది ఎవరు? బూడిద గుంటలో పడి మెడ కింద ఎముక విరిగితే, నీ పేరు రాకుండా, గోడెక్కి పడ్డానని అమ్మతో చెప్పింది ఎవరు?

తమ్ముడు

ఆ ఆఖరి మాటలు రాయకుండా ఉండాల్సింది. కొట్టేద్దామంటే సిరా మరకై ఇంకా పెద్దగా కనిపిస్తోంది. కొత్త కాగితం తీసుకుందామంటే ఇదే ఆఖరిది. నువ్వు చదవనట్టే ఉండు.


ఏప్రిల్ 26

బుడంకాయ్,

చదవనట్టే ఉన్నాను.

కాకపోతే నువ్వు మార్చి ఆఖర్లో రాసింది మాత్రం ఇంకోసారి చదివాను. మీ బావ ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టి, ఒక వాక్యం మీద వేలు పెట్టి, వెళ్ళి రంగు కలుపుకుంటున్నారు. నాకూ వెలిగింది. ఏం వెలిగిందో నీకు చెప్పను.

సరే, నువ్వు గెలిచావు. నువ్వు పంపిన కొలతల ప్రకారమే చేస్తాను. ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ పోదు. ముప్పై నాలుగంటే ముప్పై నాలుగే.

ఒక్క ప్రశ్న. నీకు సైకిలు తొక్కడం వచ్చా, రాదా? ఒక్క మాటలో రాయి. రొట్టె గురించి రాయకు.

అక్క


మే 4

అక్కా,

కుట్టుమిషను తొక్కడంలో ఈ వీధిలో నన్ను మించినవాడు లేడు. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా కాలు ఆగదు. మందమైన కోటు గుడ్డ మీద కూడా ఒకే వేగం. మొన్నొకాయన నా అడుగు చప్పుడు వింటూ కుర్చీలో నిద్రపోయాడు. కాళ్ళకి సంబంధించినంత వరకు నాకు ఏ లోటూ లేదని ముందు గుర్తు పెట్టుకో.

రాదు.

నేర్చుకుందామని చూశాను. మంగలి సైకిలు అడిగి తీసుకుని తెల్లారగట్ల వెనక వీధిలో ప్రయత్నించాను. ఎక్కడం బాగానే ఎక్కాను. కదిలాను కూడా. కదలగానే "ఇప్పుడు వెనక ఎవరూ లేరు" అనిపిస్తుందక్కా. తల దానంతటదే వెనక్కి తిరుగుతుంది. తల వెనక్కి తిరిగితే సైకిలు ముందుకి ఎందుకు పోతుంది? మంగలి కొట్టు ముందున్న అద్దంలో నాకు నేనే ఎదురొచ్చాను. ఎదుటివాడు తప్పుకుంటాడనుకున్నాను.

మంగలి ఆ రోజు నాకు సగం గడ్డమే గీసి పంపించాడు.

ఇక చాలు. సైకిలు పంపకు. మోకాలు నొప్పని ఆవిడకి చెప్పేస్తాను. అదీ వద్దులే, నిజమే చెప్పేస్తాను. "రోజూ తొక్కుతానని అబద్ధం చెప్పానండీ, నాకు సైకిలంటే భయం, మీరంటే ఇష్టం" అని. రెండో సగం చెప్పలేను. మొదటి సగం చెప్పాక రెండోది చెప్పే అవసరం కూడా ఉండదేమో. నవ్వి, రేపట్నుంచి గుండీలు తనే కుట్టుకుంటుంది. ఎదురుగుండా కొట్టక్కా! రోజుకి వందసార్లు కనబడుతుంది. ఎక్కడికని పోతాను?

నీ బుడంకాయ్


మే 23

అక్కా, నీకు కళ్ళు పోయాయా?

పంపొద్దన్నాను, పంపావు. సరే. పెట్టె కొట్టులోకి పట్టలేదు. నలుగురం పట్టుకుని తలుపు తీసి, కిటికీ తీసి, పెట్టె ఒక కొసని కిటికీ లోంచి బయటికి పెట్టి లోపలికి లాగాం. విప్పితే ఏముంది, దానికి రెండు సీట్లు! రెండు హ్యాండిళ్ళు! నాలుగు పెడళ్ళు! నేను ఒక్కణ్ణే ఉన్నానని నీకు తెలుసు కదా? నడుము నలభై రెండని రాశాను గానీ, మరీ రెండు సీట్లు పట్టేంత కాదు!

పైగా ముందు సగం ఒక ఆకుపచ్చ, వెనక సగం ఇంకో ఆకుపచ్చ. ముందు సీటెక్కి చూశాను, కాళ్ళు గాల్లో. నిన్ను బాధపెట్టినందుకు కక్ష తీర్చుకున్నావా? ఎదురు కొట్టావిడ చూడకుండా మీద పాత దుప్పట్లు కప్పాను. గుర్రం పడుకున్నట్టుంది. వచ్చినవాళ్ళందరూ అదేంటని అడుగుతున్నారు.

ఆనకట్టకి వెళ్ళే ఆదివారానికి ఇంకా రెండు వారాలే ఉన్నాయి. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు.

తమ్ముడు


మే 29

ఒరేయ్ తింగరి మొహమా,

కొలతల పుస్తకం తియ్యి. మార్చి పేజీ తియ్యి. ముప్పై నాలుగు ఎవరి వరసలో రాసి ఉందో చూడు.

చూశావా? మూర్ఛపోతే లేచాక మిగతాది చదువు.

నాకు పంపింది ఆవిడ కొలతలు. పైకప్పు మీద సాలెగూళ్ళు లెక్కపెడుతూ ఎవరిది ఏ వరసో చూసుకోలేదు నువ్వు. నేను చెప్పిన మాట మీదే నిలబడ్డాను, నువ్వు పంపిన కొలతల ప్రకారమే చేశాను. రెండుసార్లు పంపావు, రెండూ వాడాను. ముందు సీటు ముప్పై నాలుగుకి, వెనక సీటు ఇరవై ఎనిమిదికి. మొదట కోసిన గొట్టాలు వెనక సగానికి సరిపోయాయి. ఇద్దరి బరువు కాబట్టి అడుగున మాత్రం లావు గొట్టం వేసి, ముందు నుంచి వెనక దాకా ఇంకోటి ఏటవాలుగా దింపాను. ఇంత పొడుగు ఫ్రేము వంకర లేకుండా నిలబెట్టడానికి బల్ల చాలక తలుపు ఊడదీసి కలిపాం. తొమ్మిది రోజులు తలుపు లేకుండా పడుకున్నాం. రంగు సంగతి మీ బావని అడుగు. ముందు సగం ఎండలో దారం, వెనక సగం దీపం కింద దారం అట. ఇది ఈ ఏడాదికి ఆయన మూడో వాక్యం.

ఇప్పుడు జాగ్రత్తగా విను. వెనక హ్యాండిలు తిరగదు, పట్టుకోడానికే. తిప్పడం, ఆపడం, దారి చూడటం అన్నీ ముందువాళ్ళ పని. వెనకవాడు చెయ్యాల్సింది ఒక్కటే, రోజంతా ఒకే వేగంతో కాళ్ళాడించడం. అలాంటివాణ్ణి ఎక్కడ వెతకాలిరా నేను? మళ్ళీ మళ్ళీ వెనక్కి తిరిగి చూడక్కర్లేదు. నీ వెనక ఎవరూ ఉండరు, నీ ముందే ఉంటారు.

ఆవిడతో నిజం చెప్పు. రెండు సగాలూ చెప్పు.

ఇంక నేను చదవనట్టే ఉన్న సంగతి. ఆ రోజు నువ్వు బాగా తొక్కుతున్నావని వదల్లేదు నేను. నా జడ ఊడిపోతుంటే కట్టుకుందామని వదిలేశాను. వెధవ జడ. నువ్వు గోడెక్కి పడ్డానని అమ్మతో చెబుతుంటే తలుపు వెనకే ఉన్నాను. బయటికొచ్చి నిజం చెప్పలేదు. ముప్పై అయిదేళ్ళు అయింది, ఇప్పుడు చెబుతున్నాను. తప్పు నాదిరా. క్షమించు. తర్వాత వారమే జడ కత్తిరించేసుకున్నాను కదా, ఎందుకో మీరెవ్వరూ అడగలేదు.

వెనక సీటు కింద గొట్టం మీద నీ కోసం ఒక మాట చెక్కాను. సైకిలు తలకిందులు చేస్తేనే కనబడుతుంది. నువ్వు ఒక్కడివే ఉన్నప్పుడు చూసుకో.

అక్క


జూన్ 8

అక్కా,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. శనివారం దుప్పట్లు తీసేసి ఆవిణ్ణి పిలిచాను. మొదటి సగం చెప్పాను. ఆవిడ సైకిలు వంక, నా వంక చూసి, ముందు సీటెక్కింది. కాలు సరిగ్గా అందింది, చెయ్యి సరిగ్గా అందింది. "నా కొలతలు మీ అక్కగారికెలా తెలుసు?" అంది. కొలతల పుస్తకం చూపించాను. కడుపు పట్టుకుని నవ్వింది. నువ్వు అనుకునే నవ్వు కాదు. నేనూ నవ్వాను. రెండో సగం గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది.

నిన్న పొద్దున బయల్దేరాం. మిగతావాళ్ళంతా ఒంటరి సైకిళ్ళ మీద, మేం ఓడలాగా. అక్కా, నా కాళ్ళ గురించి ఆవిడ ఏమందో తెలుసా? "వెనక మిషను పెట్టినట్టుందండీ" అంది. మిషనేనండీ అన్నాను. ఎత్తు ఎక్కేటప్పుడు టెక్కుగా ఉండే ఇద్దర్ని దాటేశాం.

ఆనకట్ట దగ్గర చైను ఊడింది. సరి చేద్దామని ఆవిడ సైకిలు తలకిందులు చేసింది. నేను నీళ్ళు తేవడానికి వెళ్ళాను. ఒక్కణ్ణే ఉన్నప్పుడు చూసుకోమన్నావు కదా, కొట్టు మూశాక చూద్దామనుకుని మర్చిపోయాను. తిరిగొచ్చేసరికి ఆవిడ వంగి, నా సీటు కింద చెక్కింది చదువుతోంది. మూతి దగ్గర గ్రీజు, మొహం అంతా ఎరుపు.

"వదలను, అని రాయించారా?" అంది.

నాకు అప్పుడు అర్థమైంది నువ్వు ఆ మాట ఎందుకు రాశావో. ఏడుపొచ్చింది. చేతిలో నీళ్ళు సగం ఒలికిపోయాయి. ఆవిడ నా మొహం చూసి, "ఇంత మాట నోటితో చెప్పలేక ఇనుము మీద చెక్కించారా మీరు?" అంది.

కాదండీ, అది మా అక్క నాకు రాసిందండీ, అని చెప్పాలి కదా? చెప్పలేదు. అవునండీ అన్నాను. ఇదే నా ఆఖరి అబద్ధం, అదీ పూర్తిగా అబద్ధం కాదు. నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు దయచేసి నోరు మూసుకుని ఉండు. బావగారి సంగతి భయం లేదు.

నువ్వు రావడం ఖాయం, ఎందుకంటే నీకో కోటు కుడుతున్నాను. కొలతలు పంపు. టేపు బావగారి చేత పట్టించు. ఎవరివి ఎవరివో కాస్త చూసుకుని రాయండి.

తిరిగొచ్చేటప్పుడు పెద్ద ఏటవాలు వచ్చింది. నేను హ్యాండిలు గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఆవిడ ముందు నుంచి "ఉన్నారా?" అని అరిచింది. "ఉన్నాను" అన్నాను. కింద దాకా అలాగే అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను. కళ్ళు తెరిస్తే వీధి మొదట్లో ఉన్నాం, రెండు చక్రాలూ నేల మీదే ఉన్నాయి.

పడలేదక్కా.

నీ బుడంకాయ్